చదరంగపు గళ్లలోని మహాసంఖ్య

కళ్లమున ధాన్యపు రాశిని చూచినవారికి దాని పరిమాణము వెంటనే మనసునకెక్కును. కాగితముపై వ్రాసిన సంఖ్య అట్లు కాదు. ఇరువది అంకెలు వరుసగా నిలిచినను అవి కంటికి జానెడు పంక్తిగానే తోచును. ఆ పంక్తి వెనుక ఎంత రాశి దాగియున్నదో లెక్క వేసి చూచినవారికి మాత్రమే తెలియును. అట్టి సంఖ్యలలో మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపు సంఖ్య. అది యిది:

18446744073709551615

దీనిని మన పద్ధతిలో చదువవలెనన్నచో 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615 అని చదువవలెను. ఈ సంఖ్య ఒక కథలో పుట్టినది. అరబ్బుదేశపు పండితులు దానిని లెక్కించిరి. తెలుగు కవి పద్యమున బంధించెను. ఐరోపాలోని గణితవేత్తలు దానిలోని భాగములను వేరుచేసి అపూర్వ విషయములను కనుగొనిరి. దాని చరిత్రలో రెండు ఘట్టములు ముఖ్యమైనవి. మొదటి ఘట్టమున, నమ్మశక్యము కాని మాట నిజమని లెక్క నిరూపించినది. రెండవ ఘట్టమున, మహామేధావి నమ్మిన మాట నిజము కాదని లెక్కయే తేల్చినది.

కథ

చదరంగము భారతదేశమున పుట్టి, పారసీకమునకును, అటనుండి అరబ్బుల దేశములకును వ్యాపించిన క్రీడ. దాని పుట్టుకను గూర్చిన కథ అరబ్బీ గ్రంథములలో పలువిధములుగా కానవచ్చును. పదుమూడవ శతాబ్దికి చెందిన జీవితచరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ చెప్పిన కథ యిట్లున్నది. సిస్సా అను భారతీయ పండితుడు చదరంగమును కల్పించి తన రాజునకు సమర్పించెను. రాజు మెచ్చుకొని వరము కోరుకొమ్మనెను. సిస్సా కోరినది గోధుమ గింజలు మాత్రమే: మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు అరువదినాలుగు గళ్లును నింపవలెనని అడిగెను. ఇంత స్వల్పమైన కోరిక కోరినందులకు రాజు చిన్నబుచ్చుకొనెను. గణకులు లెక్క వేసి, రాజ్యమునందలి గోధుమలన్నియు చాలవని విన్నవించిరి. అప్పుడు రాజు, ఆటను కల్పించుటలో చూపిన నేర్పుకంటె ఈ కోరికను ఊహించుటలో చూపిన నేర్పే గొప్పదని సిస్సాను ప్రశంసించెను.

ఇది కథ. రాజు ఎవరో, పండితుడు ఎవరో చరిత్ర చెప్పజాలదు. కాని కథలోని లెక్క మాత్రము కల్పితము కాదు. ఎవరు ఎన్నిమారులు వేసినను అదే ఫలితము వచ్చును.

సందేహించిన చరిత్రకారుడు

ఇబ్న్ ఖల్లికాన్ ఈ కథను వ్రాసి ఊరకుండలేదు. మొత్తము అంతటి రాశి యగునా యని తాను మొదట సందేహించినట్లు దాచక చెప్పెను. తరువాత అలెగ్జాండ్రియా నగరపు గణకుడొకడు అతనికి కనబడి, కాగితముపై లెక్కను వ్రాసి చూపెను. ఆ గణకుని యుక్తి చూడదగినది. పదునారవ గడి వరకు అతడు గింజలనే లెక్కించెను. ఆ గడిలో 32,768 గింజలు పడును. అన్ని గింజలు ఒక కొలపాత్రను నింపునని, తాను స్వయముగ కొలిచి చూచితినని చెప్పెను. అటుపిమ్మట గింజలను విడిచి పాత్రలను రెట్టించెను. పాత్రలు పెద్దకొలతలైనవి. నలుబదవ గడికి వచ్చుసరికి ఆ రాశిని ఒక ధాన్యాగారమునకు సరిపడునదిగా భావింపుమనెను. ఏబదవ గడికి 1,024 ధాన్యాగారములు. అన్ని ధాన్యాగారములుగల దానిని ఒక నగరమనుకొమ్మనెను. అరువదినాలుగవ గడిలో 16,384 నగరములు నిలిచెను. భూమిపై అన్ని నగరములు లేవుగదా యని గణకుడు ముగించెను. చరిత్రకారుని సందేహము తీరెను.

ఈ యుక్తి తెలుగు కర్షకులకు క్రొత్తది కాదు. మెట్రిక్ కొలతలు రాకముందు పలు ప్రాంతములలో వాడుకలోనుండిన కొలతలు రెట్టింపు వరుసలోనే నడచెడివి. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. రెండు కుంచములు ఒక ఇరస. రెండు ఇరసలు ఒక తూము. సోల నుండి తూమునకు ఆరు మెట్లు. ఆరుమారులు రెట్టించుటచే తూమునకు 64 సోలలైనవి. చదరంగపు పలకకు గళ్లెన్నియో తూమునకు సోలలన్ని. తూముతో కొలిచిన ప్రతి రైతును ఈ లెక్కలోని మొదటి ఆరు మెట్లను ఎక్కినవాడే.

రాశి ఎంత?

గోధుమలకు బదులు వరిధాన్యము తీసికొని, గ్రామునకు ఉజ్జాయింపుగ 40 గింజల చొప్పున లెక్కించినచో, 75 కిలోల బస్తాకు 30 లక్షల గింజలగును. పలకపై మొదటి వరుసలోని ఎనిమిది గళ్లకు పట్టునవి 255 గింజలు మాత్రమే. అది పిడికెడు కూడ కాదు. రెండు వరుసలకు 65,535 గింజలు, అనగా రెండు కిలోలకు లోపు. ఇరువదిరెండవ గడి వరకు ఏ ఒక్క గడిలోని ధాన్యమును ఒక బస్తాను నింపదు; ఇరువదిమూడవ గడిలో బస్తా దాటును. నాలుగు వరుసలు, అనగా సగము పలక ముగియుసరికి మొత్తము 429,49,67,295 గింజలు. అవి సుమారు 1,431 బస్తాలు. ఇంతవరకు రాజు భయపడవలసినది ఏమియు లేదు. ఆ ధాన్యమును ఒక గ్రామపు గిడ్డంగి భరింపగలదు.

భయమంతయు రెండవ సగముననే యున్నది. అరువదినాలుగు గళ్లకు కావలసిన ధాన్యము సుమారు 6,14,891 కోట్ల బస్తాలు. నేడు ప్రపంచమంతట ఏడాదికి పండు వరిధాన్యము దాదాపు 80 కోట్ల టన్నులు. ఆ పంటలో ఒక్క గింజయు తినక దాచినను, సిస్సా ఋణము తీరుటకు ఐదువందల యేండ్లు దాటవలెను. సెకనునకు ఒక గింజ చొప్పున లెక్కపెట్టువాడుండినచో అతనికి సుమారు 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము పుట్టి సుమారు 1,380 కోట్ల సంవత్సరములైనదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము.

రెట్టింపు నడకయొక్క స్వభావమే ఇట్టిది. అది మొదట బీదగా కనిపించి, మధ్యలో సామాన్యముగ తోచి, తుదకు ఏ కొట్టునకును అందకపోవును. ఇందు గమనింపదగిన గుణమొకటి కలదు. ఏ గడిలోని గింజలైనను, దానికి ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె సరిగా ఒకటి ఎక్కువ. నాలుగవ గడిలో 8. దాని ముందున్న 1, 2, 4 కలిపిన 7. ఐదవ గడిలో 16. దాని ముందున్నవి 15. కావున మొత్తమును కనుగొనుటకు అరువదినాలుగు సంఖ్యలను కూడవలసిన పని లేదు. పలకకు అరువదియైదవ గడి యొకటి యున్నదని ఊహించి, అందు పడవలసిన సంఖ్యనుండి ఒకటిని తీసివేసిన చాలును.

అల్‌బిరూనీ లెక్క, మల్లన పద్యము

ఈ సులభమార్గమును చక్కగా వాడినవాడు అల్‌బిరూనీ. క్రీ. శ. 973లో ఖ్వారిజము ప్రాంతమున జన్మించి, తరువాతి కాలమున భారతదేశపు శాస్త్రములను గూర్చి మహాగ్రంథమును వ్రాసిన పండితుడతడే. క్రీ. శ. 1000 ప్రాంతమున ప్రాచీన జాతుల కాలగణనమును గూర్చి తాను రచించిన గ్రంథమున చదరంగపు లెక్కను వివరించెను. పదునారును తీసికొని నాలుగుమారులు వర్గము చేయవలెను. 16 వర్గము 256. దాని వర్గము 65536. దాని వర్గము 4294967296. దాని వర్గము 18446744073709551616. అందుండి ఒకటి తీసిన చదరంగపు సంఖ్య వచ్చును. అరువదిమూడు రెట్టింపుల పని నాలుగు గుణకారములతో ముగిసినది. ఈ మెట్లను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల వీటితో పని యున్నది.

తెలుగుదేశమున ఈ సంఖ్యకు పద్యరూపము కలిగినది. పావులూరి మల్లన తెలుగులో గణితశాస్త్రమును పద్యములలో చెప్పిన కవి. రాజరాజనరేంద్రుని కాలమువాడని, నన్నయభట్టునకు సమకాలికుడని పలువురు పండితుల తలంపు. తొమ్మిదవ శతాబ్దియందు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెలిగించెను. చదరంగపు గళ్లను రెట్టించిన ఫలితమును చెప్పు ప్రసిద్ధ పద్యమొకటి అతని పేర వ్యవహారమున నున్నది.

ఆ పద్యమున అంకెలు లేవు. అంకెలకు సంకేతములైన పదములున్నవి. ప్రాచీనులు ఒకటికి చంద్రుని, మూడింటికి అగ్నులను, నాలుగింటికి వేదములనుగాని సముద్రములనుగాని బ్రహ్మముఖములనుగాని, ఐదింటికి మన్మథుని బాణములను, ఏడింటికి కులపర్వతములను, ఎనిమిదింటికి దిగ్గజములను, సున్నకు ఆకాశమును వాడుదురు. ఇట్టి సంఖ్యలలో అంకెలు కుడినుండి ఎడమకు నడచును. అందువలన పద్యము ఐదుతో మొదలై, ఇరువది స్థానములు దాటి, ఒకటితో ముగియును. చదువనేర్చినవారు పదములను విప్పి వెనుకనుండి వ్రాసికొన్నచో అల్‌బిరూనీ చెప్పిన సంఖ్యయే, ఒక్క అంకె తేడా లేకుండ, వచ్చును.

ఇది కేవలము చమత్కారము కాదు. తాటాకుపై ఇరువది అంకెలు వ్రాసినచో లేఖకుడు ఒక అంకెను మార్చినను గుర్తించుట కష్టము. పద్యమున పదము మారినచో ఛందస్సు తప్పును. ఛందస్సు తప్పినచో చెవి వెంటనే పట్టుకొనును. కంఠస్థమైన పద్యమునకు చెదపురుగుల భయము లేదు. మహాసంఖ్యకు తెలుగు కవి పద్యముతో కంచె వేసెను.

సంఖ్యను విప్పిచూచుట

గింజలను విడిచి ఇప్పుడు సంఖ్యను మాత్రమే పరిశీలింపవచ్చును. చివరి అంకె ఐదు గనుక అది ఐదుచే భాగింపబడును. దానిలోని అంకెలన్నిటిని కూడిన 87 వచ్చును. 87 మూడుచే భాగింపబడును గనుక మహాసంఖ్యయు మూడుచే భాగింపబడును. 87 తొమ్మిదిచే భాగింపబడదు గనుక మహాసంఖ్యయు తొమ్మిదిచే భాగింపబడదు. ఇంతవరకు పాఠశాల బాలురకు తెలిసిన విషయమే. మిగిలిన కారణాంకములను కనుగొనుటకు మరియొక సూత్రము చాలును: ఏ సంఖ్య వర్గమునుండియైనను ఒకటిని తీసివేసినచో, మిగిలినది ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అగు రెండు సంఖ్యల లబ్ధము. పది వర్గము నూరు. ఒకటి తీసిన 99. అది 9ని 11చే గుణించిన ఫలము.

ఈ సూత్రముతో అల్‌బిరూనీ మెట్లను ఎక్కినచో పలకలోని అందము బయటపడును. రెండు గళ్ల మొత్తము 3. నాలుగు గళ్ల మొత్తము 15. అది 3, 5ల లబ్ధము. ఎనిమిది గళ్ల మొత్తము 255. అది 15, 17ల లబ్ధము. పదునారు గళ్ల మొత్తము 65,535. అది 255, 257ల లబ్ధము. ముప్పదిరెండు గళ్ల మొత్తము 4294967295. అది 65535, 65537ల లబ్ధము. అరువదినాలుగు గళ్ల మొత్తము 4294967295, 4294967297ల లబ్ధము. గళ్లు రెట్టింపైన ప్రతిమారును ఒక క్రొత్త కారణాంకము వచ్చి చేరుచున్నది. కావున చదరంగపు సంఖ్య ఈ ఆరు సంఖ్యల లబ్ధము:

3, 5, 17, 257, 65537, 4294967297.

వీనిలో మొదటి ఐదును ప్రధానసంఖ్యలు. అనగా ఒకటిచేతను, తమచేతను తప్ప వేరేదానిచేతను శేషము లేకుండ భాగింపబడవు. ఆరవదానిని గూర్చియే నూరేండ్లపాటు లోకము పొరబడియుండెను.

ఫెర్మా నమ్మకము

పియెర్ ద ఫెర్మా పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు తులూజ్ నగరమున న్యాయస్థానపు ఉద్యోగి. గణితము అతనికి విరామవేళల వ్యాసంగము. ఐనను సంఖ్యాశాస్త్రమున అతనికి సాటివచ్చువారు ఆనాటి ఐరోపాలో అరుదు. రెండుతో మొదలుపెట్టి వరుసగా వర్గము చేయుచు, ప్రతి వర్గమునకు ఒకటి కలిపిన వచ్చు సంఖ్యలను అతడు పరిశీలించెను. రెండు, నాలుగు, పదునారు, 256, 65536 అను మెట్లకు ఒక్కొక్కటి కలిపిన 3, 5, 17, 257, 65537 వచ్చును. అన్నియు ప్రధానసంఖ్యలే. కావున ఈ వరుస ఎంతదూరము పోయినను అన్నియు ప్రధానసంఖ్యలే అగునని ఫెర్మా 1640లో మిత్రులకు లేఖలు వ్రాసెను. నిరూపణము తనకు దొరకలేదని ఒప్పుకొనెను; కాని తన నమ్మకమును దాచలేదు.

ఫెర్మా 1665లో మరణించెను. అతని మాట నిలిచియుండెను. 1729లో గోల్డ్‌బాఖ్ అను గణితవేత్త ఈ విషయమును లేఖాముఖమున ఆయిలర్ దృష్టికి తెచ్చెను. స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున జన్మించి, రష్యాదేశపు సెంట్ పీటర్స్‌బర్గు విద్వత్పరిషత్తున పనిచేయుచుండిన ఆయిలర్‌కు అప్పటికి ఇరువదిరెండేండ్లు. 1732లో అతడు ఆరవ సంఖ్యను విడగొట్టెను. 4294967297 అను సంఖ్య 641చే శేషము లేకుండ భాగింపబడును, భాగఫలము 6700417.

దీనిని సరిచూచుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. 6700417ను 600చే గుణించిన 4020250200. అదే సంఖ్యను 40చే గుణించిన 268016680. ఒకటిచే గుణించిన 6700417. ఈ మూడింటిని కూడిన 4294967297. పలకయు బలపమును గల బాలుడు ఈ లెక్కను పది నిమిషములలో వేయగలడు.

641ను కనుగొనుట మాత్రము ఊహాఫలము కాదు. ఆరవ సంఖ్యకు కారణాంకమున్నచో, అది 64 యొక్క గుణిజమునకు ఒకటి కలిపిన రూపమున నుండవలెనని ఆయిలర్ తరువాత నిరూపించెను. అట్టి సంఖ్యలు 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీనిలో ప్రధానసంఖ్యలు కానివానిని తీసివేసినచో మిగులునవి 193, 257, 449, 577, 641 మాత్రమే. అనగా ఐదవ భాగహారముననే రహస్యము బయటపడును. 1812లో లండను నగరమున ప్రదర్శింపబడిన జెరా కోల్‌బర్న్ అను అమెరికా బాలుడు, ఎనిమిదేండ్ల వయస్సున, ఇదే సంఖ్యకు 641 కారణాంకమని నోటిలెక్కతో చెప్పినట్లు ఆనాటి వృత్తాంతములు తెలుపుచున్నవి.

ఫెర్మా మేధ సామాన్యమైనది కాదు. అతడు చెప్పి నిరూపణము వ్రాయని సిద్ధాంతములలో అనేకములు సత్యములని తరువాతివారు నిరూపించిరి. ఈ ఒక్క చోట మాత్రము, ఐదు ఉదాహరణములు సరిపోయినవి గనుక ఆరవదియు సరిపోవునని తలచెను. ఐదు బస్తాలు మంచివని ఆరవ బస్తాను విప్పకయే కొన్న వర్తకునికి వచ్చిన నష్టమే అతనికిని వచ్చినది. ఆ తరువాత ఈ వరుసలో ముందుకు పోయి పరీక్షింపగలిగిన సంఖ్యలన్నియు సంయుక్తసంఖ్యలే యని తేలినవి. ఐదింటికి మించి ఆరవ ప్రధానసంఖ్య ఈ వరుసలో నేటివరకు ఎవరికిని దొరకలేదు. అన్నియు ప్రధానసంఖ్యలే యని ఫెర్మా తలచిన వరుసలో, మొదటి ఐదు తప్ప మరి ఏవియు లేవేమో యని నేటి గణితవేత్తలు అనుమానించుచున్నారు. అది కూడ నిరూపింపబడలేదు గనుక అనుమానముగానే నిలిచియున్నది.

సగము పలకయొక్క గౌరవము

ఆరవ సంఖ్య ఫెర్మాకు అపజయము కలిగించినను, మొదటి ఐదు సంఖ్యలకు మరియొక గౌరవము లభించినది. గీతలబద్దతోను, వృత్తలేఖినితోను మాత్రమే సమబహుభుజములను గీయుట ప్రాచీన గ్రీకుల కాలమునుండి వచ్చుచున్న సమస్య. త్రిభుజమును, పంచభుజమును గీయుట వారికి తెలియును. పదునేడు భుజముల సమబహుభుజమును గీయవచ్చునని 1796లో కనుగొన్నవాడు జర్మనీదేశపు గాస్. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు నిండలేదు. 1801లో ప్రచురించిన గ్రంథమున అతడు సామాన్య నియమమును వివరించెను. భుజముల సంఖ్య బేసిసంఖ్యయైనచో, అది ఫెర్మా వరుసలోని ప్రధానసంఖ్యగాని, అట్టి భిన్నమైన ప్రధానసంఖ్యల లబ్ధముగాని అయినప్పుడు ఆ బహుభుజమును గీయవచ్చును. మరి ఇతర బేసిసంఖ్యలకు సాధ్యము కాదని 1837లో ఫ్రెంచి గణితవేత్త వాంట్జెల్ నిరూపించెను.

ఇప్పుడు చదరంగపు పలకను మరల చూడవలెను. తెలిసిన ఫెర్మా ప్రధానసంఖ్యలు ఐదు. వాటన్నిటి లబ్ధము 4294967295. ఇది సగము పలక మొత్తమే. అనగా, గీతలబద్ద వృత్తలేఖినులతో గీయ సాధ్యమని తెలిసిన బేసి భుజముల బహుభుజములలో అన్నిటికంటె పెద్దదానికి ఎన్ని భుజములుండునో, సిస్సా పలకలోని మొదటి నాలుగు వరుసలలో అన్ని గింజలుండును. ఆ సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలు 32. అందు ఒకటిని విడిచిన మిగిలిన 31 సంఖ్యలును అట్టి బహుభుజములకు భుజముల సంఖ్యలే. రాజు గిడ్డంగికి మొదటి సగము సాధ్యమై రెండవ సగము అసాధ్యమైనట్లే, గణితమునను మొదటి సగమున ఫెర్మా మాట చెల్లి, రెండవ సగమున చెడినది.

ఇట్లు మహాసంఖ్యయొక్క కారణాంకములు పూర్తిగా తేలినవి. 641, 6700417 రెండును ప్రధానసంఖ్యలే. కావున చదరంగపు సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల లబ్ధము. ఏ ఒక్కటియు రెండవమారు రాలేదు. కనుక దానిని శేషము లేకుండ భాగించు సంఖ్యలు రెండును ఏడుమారులు వేసి గుణించిన ఫలము, 128. చదరంగపు ఎనిమిదవ గడిలో పడు గింజలును అన్నియే.

కాశీ కథయు, గణనయంత్రమును

ఈ సంఖ్య చుట్టు మరియొక కథ అల్లుకొన్నది. 1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ ఒక ఆటబొమ్మను ప్రచురించెను. మూడు కడ్డీలు, ఒక కడ్డీపై పెద్దదానిపై చిన్నది చొప్పున పేర్చిన బిళ్లలు. మారునకు ఒక బిళ్లను మాత్రమే తీయుచు, చిన్నదానిపై పెద్దది పెట్టక, అన్నిటిని వేరొక కడ్డీపైకి మార్చవలెను. ఒక్కొక్క బిళ్ల పెరిగినకొలది పని రెట్టింపై, మరి యొకటి ఎక్కువగును. 64 బిళ్లలకు కావలసిన కదలికలు సరిగా చదరంగపు సంఖ్యయే. కాశీలోని ఒక ఆలయమున అర్చకులు 64 బంగారు బిళ్లలను ఇట్లు మార్చుచున్నారని, ఆ పని ముగిసిననాడు లోకము అంతమగునని ఒక కథ ఆ బొమ్మతోపాటు ప్రచారమైనది. అది కాశీలో పుట్టిన కథ కాదు. ఆ ఆట కొరకు ఐరోపాలో అల్లిన కథ. కాని కథ కల్పితమైనను అందలి లెక్క నిజము. సెకనునకు ఒక కదలిక చొప్పున చేసినను పైన చెప్పిన 58,454 కోట్ల సంవత్సరములు తప్పవు.

నేటి గణనయంత్రములలో ఈ సంఖ్య నిత్యవ్యవహారమున నున్నది. యంత్రము సంఖ్యలను సున్న, ఒకటి అను రెండు గుర్తులతోనే వ్రాసికొనును. ఒక్కొక్క గుర్తునకు ఉన్న చోటును బిట్టు అందురు. ఈ కాలపు యంత్రములు పెక్కు 64 బిట్లను ఒక సంఖ్యకు కేటాయించును. ఆ 64 చోట్ల విలువలు వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు పోవును. అది సిస్సా పలకయే. అన్ని చోట్లను ఒకటి నిలిచినచో, అనగా అన్ని గళ్లును నిండినచో, ఆ యంత్రము 64 బిట్లలో ఋణచిహ్నము లేకుండ వ్రాయగల సంఖ్యలలో పెద్దది వచ్చును: 18446744073709551615. దానికి ఒకటి కలిపినచో చోటు చాలక బిట్లన్నియు మరల సున్నలగును. ఊహలోని అరువదియైదవ గడి యంత్రమునకును లేదు.

ధాన్యాగారములు చాలక రాజు విడిచిన ఋణము, మల్లన పద్యములోని ఇరువది పదములు, ఫెర్మా పొరపాటు, గాస్ బహుభుజము, గణనయంత్రపు హద్దు, ఇవన్నియు ఒకే పలకపై నున్నవి. ఇబ్న్ ఖల్లికాన్ కథను గ్రంథస్థము చేయుచునే సందేహించెను. అలెగ్జాండ్రియా గణకుడు కాగితము తీసి చూపిన తరువాతనే నమ్మెను. ఫెర్మా అంతటివాడు చెప్పిన మాటను గౌరవించుచునే ఆయిలర్ భాగహారము చేసిచూచెను. ఒకచోట లెక్క సందేహమును తీర్చినది. ఒకచోట నమ్మకమును తీర్చినది. రెండుచోట్లను చెప్పినవాని పేరును చూడక, అంకెలను మాత్రమే చూచినది.

గ్రంథములలో చదివిన విషయములలో అనేకములను చదువరి రచయిత మాటపైననే స్వీకరింపవలసియుండును. దూరదేశములను, గతించిన కాలములను పోయి చూచుట సాధ్యము కాదు. ఈ సంఖ్య అట్టిది కాదు. పదునారును నాలుగుమారులు వర్గము చేసి ఒకటి తీయుటకు ఒక సాయంకాలము చాలును. అల్‌బిరూనీకి వచ్చిన ఇరువది అంకెలే పల్లెలోని బాలునికిని వచ్చును. ఒక్క అంకె తేడా వచ్చినచో, తప్పు తన గుణకారముననే యున్నదని అతడు మరల మొదటినుండి వేసికొనవలెను.